గుమ్మం చేరిన ధర

అభిరుచి లేని మనిషి అరుదు. విధి నిర్వహణ ముగించుకొని ఇంటికి చేరిన తరువాత మనసుకు ఊరట కలిగించే వ్యాపకం ఒకటి ఉండాలని పెద్దలు చెబుతుంటారు. మన టౌన్‌షిప్‌లోనే చూడండి. తపాలా బిళ్ళలు సేకరించేవారున్నారు. పాత నాణేలు కూడబెట్టేవారున్నారు. అగ్గిపెట్టెల మీది బొమ్మలను ఆల్బములలో పదిలపరచుకొనేవారున్నారు. సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చడానికి ఏటేటా ఒక కొత్త బొమ్మను చేర్చుకొనే గృహిణులున్నారు. ఈ వ్యాసకర్తకు పాత తెలుగు పత్రికలంటే మక్కువ.

ఒకప్పుడు ఈ వ్యాపకానికి కాలినడకే పెట్టుబడి. హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాటల మీద పరచిన పాత పుస్తకాల గుట్టల ముందు కూర్చొని గంటల తరబడి వెదికేవాళ్ళం. నచ్చినది దొరికితే బేరమాడి, చంకలో పెట్టుకొని బస్సెక్కేవాళ్ళం. ఆ పుస్తకానికి రవాణా ఖర్చు వేరే ఉండేది కాదు. నేడు ఆ గుట్టలన్నీ చేతిలోని ఫోనులోకి వచ్చి చేరాయి. కోల్‌కతాలోని తపాలా బిళ్ళ, జైపూరులోని నాణెం, చెన్నైలోని పాత సంచిక మన గదిలో కూర్చొనే చూడవచ్చు, కొనవచ్చు. అయితే వస్తువుకూ మనకూ మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉన్నది. ఆ దూరానికి ధర ఎవరో ఒకరు చెల్లించాలి. ఆ ఎవరో ఒకరు ఎల్లప్పుడూ కొనుగోలుదారుడే.

ఈ సంగతి నాకు మా ఇంట్లోనే తెలిసివచ్చింది. కొన్నేళ్ళ క్రితం ఒక పాత సంచిక తెప్పించాను. ప్యాకెట్టు విప్పుతుండగా నా శ్రీమతి "ఏమండీ, ఎంతకు వచ్చింది?" అని అడిగింది. "నూట ఇరవై" అన్నాను గర్వంగా. ఆమె బిల్లు చేతిలోకి తీసుకొని చూసి, "మరి ఈ రెండు వందల పదిహేను ఎవరిది?" అన్నది. వస్తువు ధర 120 రూపాయలు, రవాణా, ప్యాకింగు ఛార్జీలు 95 రూపాయలు. ఆ నెలలో అటువంటి ప్యాకెట్లు ఐదు వచ్చాయి. అసలు కంటే వడ్డీ ముద్దు అంటారు పెద్దలు. నా విషయంలో అసలుకు దీటుగా వడ్డీ పెరిగిపోయింది.

కార్యాలయంలో తెలిసినది, ఇంట్లో మరచినది

సిగ్గుపడవలసిన విషయమేమంటే, నేను మెటీరియల్స్ విభాగంలో పనిచేసినవాడిని. టెండర్లు తెరచిన తరువాత తులనాత్మక పట్టిక తయారుచేయడం అక్కడ మా నిత్యకృత్యం. కర్మాగారం వద్ద ధర ఒక గడిలో, ప్యాకింగు ఛార్జీలు ఒక గడిలో, రవాణా, బీమా, పన్నులు తరువాతి గడులలో వ్రాసి, చివరి గడిలో మొత్తం వేసేవాళ్ళం. దానినే ల్యాండెడ్ కాస్ట్ అంటాము. వస్తువు మన స్టోర్సు గుమ్మం చేరేటప్పటికి అయ్యే పూర్తి ఖర్చు అన్నమాట. ఎల్-1 ఎవరో తేల్చేది ఆ చివరి గడియే గాని మొదటి గడి కాదు. మొదటి గడిలో అందరికంటే తక్కువ చెప్పిన వ్యాపారి చివరి గడికి వచ్చేసరికి మూడవ స్థానానికి జారిపోవడం మేము ఎన్నోసార్లు చూశాము.

సంస్థ సొమ్ము విషయంలో ఇంత జాగ్రత్త వహించే మనం సొంత సొమ్ము విషయంలో మొదటి గడితోనే ఆగిపోతున్నాము. ఒక విక్రేత పాత సంచికకు 150 రూపాయలు చెప్పి 90 రూపాయల రవాణా వేస్తాడు. మరొకడు 210 రూపాయలు చెప్పి రవాణా ఉచితమంటాడు. తెరమీద మన కన్ను 150 మీదనే నిలుస్తుంది. లెక్క వేస్తే రెండవదే 30 రూపాయలు చవక. అలాగని ఉచితమనే మాటను చూసి మురిసిపోనక్కరలేదు. ఆ ఖర్చు వస్తువు ధరలో కలిసిపోయి ఉంటుంది. పోల్చవలసినది ఎప్పుడూ మొత్తాన్నే.

ఆ రోజు నుండి ఒక రెండు వందల పేజీల నోటుపుస్తకంలో గళ్ళు గీసుకున్నాను. తేదీ, వస్తువు, ధర, ప్యాకింగు, రవాణా, పన్ను, మొత్తం. మూడు నెలలు తిరిగేసరికి నా సేకరణ మీద పెట్టిన ప్రతి వంద రూపాయలలో దాదాపు నలభై రూపాయలు రవాణాకే పోతున్నట్లు తేలింది. ఆ లెక్క చూసిన తరువాతనే రవాణా ఛార్జీలు ఎలా ఏర్పడతాయో తెలుసుకోవాలన్న బుద్ధి పుట్టింది.

బరువు మెట్లు, దూరపు మెట్లు

రవాణా ఛార్జీ గ్రాము గ్రాముకూ పెరగదు. మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఈ ఒక్క విషయం గ్రహిస్తే సగం పొదుపు సాధించినట్లే.

మన తపాలా శాఖ స్పీడ్ పోస్టునే ఉదాహరణగా తీసుకుందాము. 2025లో రిజిస్టర్డ్ పోస్టు సేవ స్పీడ్ పోస్టులో విలీనమైనది. అదే సంవత్సరం అక్టోబరు 1 నుండి కొత్త రేట్లు అమలులోకి వచ్చాయి. ఆ పట్టిక ప్రకారం 50 గ్రాముల లోపు కవరుకు స్థానికంగా 19 రూపాయలు, దేశంలో మరెక్కడికైనా 47 రూపాయలు. 201 నుండి 500 కిలోమీటర్ల దూరానికి, అనగా హైదరాబాదు నుండి విజయవాడ వంటి ఊరికి, 51 నుండి 250 గ్రాముల వరకు 63 రూపాయలు, 251 నుండి 500 గ్రాముల వరకు 75 రూపాయలు. దీనిపై జి.ఎస్.టి. అదనం. గ్రహీతకే స్వయంగా అందజేసే రిజిస్ట్రేషన్ సదుపాయం కావాలంటే మరో 5 రూపాయలు, దానిపై పన్ను. పార్సిలుగా కట్టిన వాటి రేట్లు వేరు. ఈ రేట్లు కాలానుగుణంగా మారుతుంటాయి కనుక కొనే ముందు ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

ఇప్పుడు ఈ అంకెలను సేకరణకర్త కళ్ళతో చూడండి. కోల్‌కతా నుండి ఒక్క తపాలా బిళ్ళ తెప్పించుకున్నా 47 రూపాయలే, పది బిళ్ళలు తెప్పించుకున్నా 47 రూపాయలే. ఎందుకంటే పది బిళ్ళలు పెట్టిన కవరు కూడా 50 గ్రాములు దాటదు. మొదటి పద్ధతిలో బిళ్ళకు 47 రూపాయల భారం, రెండవ పద్ధతిలో 4 రూపాయల 70 పైసలు. అలాగే విజయవాడలోని విక్రేత వద్ద నాలుగు చిన్న కట్టల పాత తపాలా కవర్లు కొన్నారనుకోండి. ఒక్కొక్క కట్ట నూరు గ్రాములు. నాలుగు వారాలలో నాలుగు సార్లు తెప్పిస్తే 252 రూపాయలు. అన్నీ ఒకే కవరులో 500 గ్రాముల లోపు సర్ది పంపిస్తే 75 రూపాయలు. పన్ను కాక మిగిలినది 177 రూపాయలు. దానితో మరొక కట్ట కొనుక్కోవచ్చు.

గ్రంథాలు సేకరించేవారికి మరొక మార్గం ఉన్నది. 2025 మే 1 నుండి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ అనే సేవను ప్రారంభించింది. విద్యా, సాంఘిక, సాంస్కృతిక, ధార్మిక గ్రంథాలను 300 గ్రాములకు 20 రూపాయల నుండి, 5 కిలోలకు 100 రూపాయల వరకు, పన్నులు అదనంగా, పంపవచ్చు. ఉపరితల మార్గంలో వెళుతుంది గనుక కొంత ఆలస్యమవుతుంది. వాణిజ్య స్వభావం గల ప్రచురణలకు, ప్రకటనలతో నిండిన వాటికి ఇది వర్తించదు. కనుక మీరు కొనే పుస్తకం అర్హమైనదో కాదో విక్రేతను తన తపాలా కార్యాలయంలో అడిగి తెలుసుకోమనండి. అరవై ఏళ్ళ నాటి పుస్తకం మరొక వారం ఆలస్యంగా వస్తే మునిగిపోయేది ఏమీ లేదు.

కొత్తగా విడుదలయ్యే తపాలా బిళ్ళలు కావలసినవారు వ్యాపారుల వద్ద కొనవలసిన పని లేదు. తపాలా శాఖ ఫిలాటెలిక్ బ్యూరోలలో కనీసం 200 రూపాయలతో డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్త బిళ్ళలు ఇంటికే వస్తాయి. పిల్లలకు ఈ అభిరుచి అలవరచదలచిన తల్లిదండ్రులకు ఇది చక్కని మార్గం.

తేలికైన బొమ్మ, బరువైన పెట్టె

కొండపల్లి బొమ్మలు కొనే గృహిణులు ఒక చిక్కును గుర్తుంచుకోవాలి. ఆ బొమ్మలను తెల్ల పొణికి కర్రతో చేస్తారు. అది చాలా తేలికైన కర్ర. కాని బొమ్మల చేతులు, తలపాగాలు విరగకుండా పెద్ద పెట్టెలో, చుట్టూ మెత్తలు పెట్టి పంపాలి. కొరియర్ సంస్థలు అటువంటి పెట్టెలకు తూకాన్ని బట్టి గాక పరిమాణాన్ని బట్టి బరువు కడతాయి. సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000 తో భాగిస్తారు. వచ్చినదీ, అసలు తూకమూ, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. 40, 30, 25 సెంటీమీటర్ల పెట్టెను తీసుకుంటే 30,000 ను 5000 తో భాగించగా 6 కిలోలు. లోపలి బొమ్మలు కిలోన్నరే కావచ్చు. కట్టవలసినది 6 కిలోలకు.

అందుచేత బొమ్మలు కొనేటప్పుడు పెట్టె కొలతలు ముందే అడగాలి. చిన్న బొమ్మలను పెద్ద బొమ్మల మధ్య ఖాళీలలో సర్దమని కోరాలి. మన వీధిలో ముగ్గురు గృహిణులు కలిసి ఒకే పెట్టెలో తెప్పించుకుంటే ఖర్చు మూడు వాటాలవుతుంది. అటువైపు సెలవులకు వెళ్ళే సహోద్యోగి ఉంటే ఆ వాటాలు కూడా మిగులుతాయి.

కలిసి తెప్పించుకుంటే

నలుగురు కలిసి కొనే ఈ పద్ధతి అన్ని సేకరణలకూ వర్తిస్తుంది. మేము ఐదుగురం మిత్రులం ప్రతి నెల మొదటి ఆదివారం క్లబ్బులో కలుసుకొని, ఎవరికి ఏమి కావాలో ఒక కాగితం మీద వ్రాసుకుంటాము. కార్యాలయ భాషలో చెప్పాలంటే ఇండెంటు పెడతాము. విక్రేతకు ఒక్కటే ఆర్డరు, ఒక్కటే ప్యాకెట్టు. ఖర్చును వస్తువుల సంఖ్యను బట్టి పంచుకుంటాము. ఎవరి వంతు ఎంతో అదే కాగితం మీద వ్రాసి, అక్కడికక్కడే చెల్లిస్తాము. స్నేహం నిలవాలంటే లెక్క ఆ రోజుకారోజు తేలిపోవాలి.

ఒంటరిగా కొనేవారు విక్రేతనే అడగవచ్చు. "నెలాఖరు వరకు నేను కొన్నవన్నీ మీ దగ్గరే ఉంచి, ఒకేసారి పంపగలరా?" అని మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. వారికీ ప్యాకింగు శ్రమ తగ్గుతుంది. అయితే తెలియని విక్రేత వద్ద పెద్ద మొత్తం నిలువ ఉంచడం వివేకం కాదు. మొదట ఒక చిన్న కొనుగోలుతో అతని నమ్మకం తెలుసుకున్న తరువాతనే ఈ ఏర్పాటు చేసుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇన్ని రూపాయలకు పైబడి కొంటే రవాణా ఉచితమన్న ప్రకటన చూసి, 60 రూపాయలు మిగుల్చుకోవడానికి అవసరం లేని 250 రూపాయల వస్తువును జతచేసేవారు మనలో తక్కువేమీ కాదు. నా బీరువాలో అటువంటి వస్తువులు నేటికీ నాలుగైదు ఉన్నాయి. కొనవలసిన జాబితా ముందే వ్రాసుకున్నవారికి ఈ ఆకర్షణ అంటదు.

పొదుపు హద్దు దాటితే

ఇంతవరకు ఖర్చు తగ్గించుకొనే మార్గాలు చెప్పాను. ఇక తగ్గించకూడని చోటు గురించి చెప్పాలి. దానికి నేను చెల్లించిన మూల్యాన్ని కూడా దాచకుండా చెబుతాను.

మా నాన్నగారు చిన్నతనంలో చందమామ చదివి అక్షరాల మీద ప్రేమ పెంచుకున్నవారు. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ఆ మాసపత్రిక ప్రచురణ ఇప్పుడు నిలిచిపోయినా, దాని పాత సంచికల కోసం వెదికేవారు నేటికీ ఉన్నారు. నాన్నగారికి 1957 నాటి ఒక సంచిక మీద ప్రత్యేకమైన మమకారం. జ్వరంతో మంచం పట్టిన రోజులలో వారి తండ్రిగారు పక్కన కూర్చొని చదివి వినిపించిన సంచిక అది. చాలాకాలం వెదికిన తరువాత ఒక విక్రేత వద్ద కనిపించింది. ధర 260 రూపాయలు. రెండు అట్టల మధ్య పెట్టి, ప్లాస్టిక్ కవరు తొడిగి పంపడానికి అతడు 40 రూపాయలు అదనంగా అడిగాడు. అప్పటికి నేను పొదుపు మోజులో ఉన్నాను. "ఒక్క పుస్తకమే గదా, మామూలు కవరులో పంపండి" అన్నాను.

అది ఆగస్టు నెల. కవరు ఇంటికి చేరేసరికి తడిసి మెత్తబడి ఉన్నది. నాన్నగారే అందుకున్నారు. నేను డ్యూటీ ముగించుకొని వచ్చేసరికి ఆయన ఫ్యాను కింద కూర్చొని, అంటుకుపోయిన రంగుల పుటలను గోటితో విడదీసే ప్రయత్నం చేస్తున్నారు. నన్ను ఒక్కమాట కూడా అనలేదు. "వానాకాలం గదా నాయనా" అన్నారు. మధ్యలో ఎనిమిది పుటలు ఇక విడిపోలేదు. తప్పు వానది కాదు, విక్రేతది కాదు. అతడు జాగ్రత్త చెప్పాడు, నేను వద్దన్నాను.

రెండేళ్ళ తరువాత అదే సంచిక మరొక ప్రతి దొరికింది. ఈసారి 450 రూపాయలు. ప్యాకింగుకు, ట్రాకింగు నంబరుకు, రిజిస్ట్రేషనుకు అడిగినంతా ఇచ్చాను. 40 రూపాయలు మిగుల్చుకోబోయి 260 రూపాయల సంచికను పాడుచేసుకొని, దాని స్థానంలో 450 రూపాయలకు పైగా వెచ్చించవలసి వచ్చింది. రూపాయల లెక్క ఇంతే. ఎనభై ఏళ్ళ మనిషి రెండేళ్ళు ఎదురుచూడటం ఏ గడిలో వ్రాయాలో నాకు తెలియదు.

అందుచేత తేలికగా దొరికే వస్తువులను ఎంత చవకగానైనా తెప్పించుకోండి. మరల దొరకదనుకున్న దానికి మాత్రం గట్టి అట్టలు, తడి చొరని తొడుగు, ట్రాకింగు, వీలైతే బీమా తప్పనిసరి. అట్టల బరువు వలన ప్యాకెట్టు పై మెట్టుకు చేరినా చింతించవద్దు. పైన చెప్పిన పట్టికలో 63 కూ 75 కూ తేడా 12 రూపాయలే.

సముద్రాల అవతలి నుండి

విదేశాలలోని విక్రేతల వద్ద కొనేవారికి మరొక గడి చేరుతుంది. అది కస్టమ్స్ సుంకం. 2007 నాటి దిగుమతి విలువ నిర్ణయ నిబంధనల ప్రకారం సుంకాన్ని వస్తువు ధర మీదనే గాక, రవాణా, బీమా ఖర్చులను కూడా కలిపి లెక్కిస్తారు. విమానంలో వచ్చిన వస్తువులకు కలిపే రవాణా ఖర్చు వస్తువు ధరలో 20 శాతానికి మించకూడదని ఆ నిబంధనలే పరిమితి విధించాయి. 4,000 రూపాయల ఆల్బముకు 1,600 రూపాయల విమాన రవాణా చెల్లించినా, సుంకం కోసం కలిపేది 800 రూపాయలే. అయినప్పటికీ రవాణా ఎక్కువైతే సుంకం కూడా పెరుగుతుందన్న మాట వాస్తవం. కొనే ముందు ఆ వస్తువుకు వర్తించే సుంకం రేటు తెలుసుకొని మొత్తంలో కలుపుకోవాలి.

సుంకం తప్పించుకోవడానికి కానుక అని వ్రాయమనడం, ధర తగ్గించి చూపమనడం చట్టవిరుద్ధం. ప్రభుత్వరంగ సంస్థ ఉద్యోగులకు అది బొత్తిగా శోభించదు. అమెరికాలో పిల్లలున్నవారు వస్తువును వారి చిరునామాకు తెప్పించి, వారు వచ్చేటప్పుడు తెమ్మనవచ్చు. అప్పుడు బ్యాగేజీ నిబంధనలకు లోబడి ఉండాలి.

ఇక్కడి నుండి బయటకు పంపే విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణేలు, శిల్పాలు మొదలైనవి, చారిత్రక, సాహిత్య విలువ గల వ్రాతప్రతులైతే డెబ్బై అయిదేళ్ళు దాటినవి పురావస్తువులు. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు.

కొనుగోలుదారుని హక్కులు

చివరి తెరమీదకు వెళ్ళేదాకా రవాణా ఛార్జీని దాచి ఉంచే విక్రేతలు ఉంటారు. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మొత్తం ధరను ఒకే అంకెలో చూపడమేగాక, అందులో డెలివరీ, తపాలా, హ్యాండ్లింగ్ ఛార్జీలు, పన్నులు ఎంతెంతో విడివిడిగా తెలపాలి. కొంచెం కొంచెంగా ధర బయటపెట్టే పద్ధతిని 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చాయి. ఇబ్బంది ఎదురైతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. ఫిర్యాదుకు ఆధారం కావాలి గనుక బిల్లును, విక్రేతతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలను భద్రపరచండి. ప్యాకెట్టు విప్పేటప్పుడు ఫోనులో చిత్రీకరించండి.

చివరగా నోటుపుస్తకం మాట. ఇప్పుడు అందులో రవాణా గడి వందకు పదిహేను రూపాయలకు దిగివచ్చింది. నెల చివర మొత్తం వేసేది నా శ్రీమతి. 450 రూపాయల సంచిక వచ్చిన నెలలో ఆ గడి మరల పెరిగింది. దాని ఎదుట ఆమె ఏ వ్యాఖ్యా వ్రాయలేదు. ఆ సంచిక నాన్నగారి తలగడ పక్కన ఉన్నది. తడిసిన ప్రతిని కూడా ఆయన పారవేయనివ్వలేదు.